ఎండకూ వాననీటికీ ఓర్చే పడవ: హైదరాబాద్‌లో చెక్క పడవకు రంగు వేయడం

ఇంట్లో కట్టుకున్న చెక్క పడవకు రంగు ఎలా వేయాలో చెప్పే సమాచారం చాలావరకు చల్లని దేశాల సముద్ర తీరాల్లో పుట్టింది. అక్కడి బెడదలు వేరు. ఉప్పునీరు, చెక్కను తొలిచి తినే టెరెడో అనే పురుగు, అడుగుభాగాన్ని పట్టుకుని వదలని బార్నకిల్స్ అనే పెంకు జీవులు, పూత ఆరనివ్వని చలి. ఆ సలహాలన్నీ వాటిని దృష్టిలో పెట్టుకుని చెప్పినవే. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున, దక్కన్ పీఠభూమి మీద ఉన్న ఊరు. హుస్సేన్ సాగర్‌లో ఉప్పునీరు లేదు, కాబట్టి టెరెడో లేదు, బార్నకిల్స్ లేవు. ఇక్కడ చెక్క పడవను పాడుచేసేవి మే నెల ఎండ, పడవలో నిలిచే వాననీరు, గాలిలో ఎప్పుడూ తేలే దుమ్ము. రంగు డబ్బా కొనేముందే ఈ తేడాను గుర్తించాలి. ఏ పూత వేయాలి, ఏ నెలలో వేయాలి, రోజులో ఏ వేళకు వేయాలి, చివరికి ఏ రంగు ఎంచుకోవాలి అన్నవన్నీ దీని మీదే ఆధారపడతాయి.

సముద్రపు పడవల అడుగున పూసే యాంటీఫౌలింగ్ రంగు సంగతి ముందు చూద్దాం. రాగి సమ్మేళనాలు నెమ్మదిగా నీటిలోకి వదులుతూ జీవులు అంటుకోకుండా చూడటం దాని పని. ఒకప్పుడు ఇందులో ట్రైబ్యుటైల్ టిన్ వాడేవారు. అది సముద్ర జీవులకు విషమని తేలాక దాన్ని నిషేధిస్తూ 2001లో అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది, 2008లో అమల్లోకి వచ్చింది. హుస్సేన్ సాగర్‌లో తిరిగే చిన్న తెరచాప పడవలను పని అయ్యాక ఒడ్డుకు లాగి ఆరబెడతారు. అలాంటి పడవకు ఈ రంగుతో పనే లేదు. అసలే మురుగునీటి భారం మోస్తున్న చెరువులోకి రాగిని కూడా వదలడం అన్యాయం. అడుగున పట్టే పాకుడును పడవ బయటికి తీసిన రోజే మంచినీళ్లతో, మెత్తటి గుడ్డతో కడిగితే పోతుంది. ఆ డబ్బును ఎపాక్సీ మీద, అంటే రెసిన్, హార్డెనర్ అనే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే పూత మీద పెట్టడం మేలు.

ఉప్పు లేకపోవడం అన్ని విధాలా వరమేమీ కాదు. చెక్కను కుళ్లబెట్టేది శిలీంధ్రం. దానికి ఉప్పు పడదు. అమెరికాలో పాతకాలపు ఓడలు కట్టేవాళ్లు పక్కటెముకల మధ్య ఖాళీల్లో కావాలనే ఉప్పు నింపేవారు. చెక్కలో తేమ 20 శాతానికి లోపు ఉన్నంతకాలం శిలీంధ్రం పెరగలేదు. అది దాటి, గాలి ఆడక, వెచ్చగా ఉంటే వేగంగా విస్తరిస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా హైదరాబాద్‌లో మూత లేకుండా వదిలేసిన పడవ లోపల సరిగ్గా ఈ పరిస్థితే ఏర్పడుతుంది. కాబట్టి బయట పక్కలు అద్దంలా మెరిసి, లోపలి మూలలు పచ్చిగా మిగిలిపోయిన పడవకు ఆయుష్షు తక్కువ. బయటి మెరుపు కోసం పడే శ్రమలో సగమైనా లోపలి మూలల మీద, అంచుల మీద పెట్టాలి.

పాత పద్ధతి, కొత్త పద్ధతి

తెలుగు నేలకు పడవల పూత కొత్త కాదు. కోరంగి, తాళ్లరేవు ప్రాంతాల్లో చెక్క ఓడలు కట్టిన చరిత్ర ఉంది. కృష్ణ, తుంగభద్రల్లో తిరిగే పుట్టికి వెదురు బుట్ట అడుగున తారు పూస్తారు. పలకలతో కట్టే నాటు పడవల్లో సందుల్లో నార కూరి, గుగ్గిలం, నూనె, తారు వంటివి పట్టించడం వాడుక. ఆ పద్ధతిలో చెక్క నీటిని పీల్చి ఉబ్బుతుంది, ఆ ఉబ్బుతోనే సందులు మూసుకుంటాయి. పూత కూడా మెత్తగా ఉండి చెక్కతో పాటు సాగుతుంది. ఒడ్డున పెడితే చెక్క మళ్లీ ఆరుతుంది.

ఇప్పుడు ఇళ్లలో కట్టే పడవల్లో ఎక్కువ భాగం ప్లైవుడ్, ఎపాక్సీలతో తయారవుతున్నాయి. దీని సూత్రం పూర్తిగా వేరు. చెక్క పొడిగా ఉండాలి, అన్ని వైపులా మూసుకుపోయి ఉండాలి, లోపలికి తేమ చేరే దారే ఉండకూడదు. రెండూ నడిచే పద్ధతులే. అసలు చిక్కు వాటిని కలగలిపినప్పుడు వస్తుంది. కదిలే పలకల మీద గట్టి ఎపాక్సీ పూస్తే సందుల దగ్గర పగులుతుంది, ఆ పగుళ్లలోంచి వెళ్లిన నీరు బయటికి రాలేక లోపలే ఉండిపోతుంది. ప్లైవుడ్ పడవకు ఒకవైపు ఎపాక్సీ పట్టించి, లోపలివైపు అవిసె నూనె రాసి వదిలేసినా ఇదే గతి. సగం మూసిన చెక్క పూర్తిగా విప్పి ఉంచిన చెక్క కంటే త్వరగా కుళ్లుతుంది.

ప్లైవుడ్ విషయంలో ఒక అపోహ తరచూ వినిపిస్తుంది. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ తెచ్చాం కదా, ఇక పూత ఎలా ఉన్నా ఫర్వాలేదని. ఆ ప్రమాణంలోని ప్రధాన పరీక్ష ప్రకారం ప్లైవుడ్‌ను 72 గంటలు మరిగే నీటిలో ఉంచినా పొరల మధ్య జిగురు ఊడకూడదు. అది జిగురు గట్టిదనానికి హామీ. అంచు గుండా నీరు లోపలికి పాకకుండా అది ఆపలేదు. చెట్టులో నీటిని పైకి మోసిన సన్నని నాళాలు కోసిన అంచు దగ్గర నోరు తెరుచుకుని ఉంటాయి, పీల్చడం వాటి స్వభావం. పలక ముఖం మీద పడ్డ నీటిబొట్టు నిదానంగా ఇంకితే, అంచున పడ్డది చూస్తుండగానే మాయమవుతుంది. అందుకే కోసిన ప్రతి అంచుకూ ఎపాక్సీ మూడుసార్లు పట్టించాలి. మొదటి పూత పీల్చుకుని మెరుపు లేకుండా కనిపించగానే రెండోది, అది జిగటగా ఉండగానే మూడోది.

స్క్రూ రంధ్రాలది మరో కథ. చుక్కాని కొక్కేలు, తాడు కట్టే క్లీట్లు బిగించడానికి రంధ్రం తొలిచినప్పుడల్లా అప్పటిదాకా వేసిన పూతలన్నిటినీ ఛేదించి పచ్చి చెక్కను తెరిచినట్టే. కావలసిన దానికంటే పెద్ద రంధ్రం తొలిచి, చిక్కటి ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక దాని నడుమ అసలు కొలతకు మళ్లీ తొలిస్తే స్క్రూకూ చెక్కకూ మధ్య ఎపాక్సీ గోడ మిగులుతుంది. పని రెట్టింపు అవుతుంది, నిజమే. అయినా పడవ కుళ్లు ఎక్కువగా మొదలయ్యేది ఇలాంటి చోట్లే కాబట్టి ఇందులో బద్ధకం పనికిరాదు.

ఎపాక్సీకి వేళ చూడాలి

హైదరాబాద్‌లో ఈ పనికి అనువైన కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. పగలు 30 డిగ్రీల చుట్టూ, రాత్రి 15 చుట్టూ, వాన భయం లేకుండా ఉంటుంది. అయితే నెల కుదిరితే చాలదు, వేళ కూడా కుదరాలి. ఇక్కడే చాలామంది పొరపడతారు.

పచ్చి చెక్క నిండా గాలి ఉంటుంది. ఉదయం ఎండ ఎక్కుతున్నప్పుడు చెక్క వేడెక్కి ఆ గాలి వ్యాకోచిస్తుంది, బయటికి తోసుకొస్తుంది. అదే సమయంలో ఎపాక్సీ పూస్తే ఆ గాలి బుడగలుగా పైకి వచ్చి, పగిలి, సూదిమొన రంధ్రాలు మిగులుస్తుంది. కంటికి సరిగా కనిపించని ఆ రంధ్రాల్లోంచే తర్వాత నీరు దిగుతుంది. అదే పూతను మధ్యాహ్నం నాలుగు దాటాక, వేడి తగ్గుముఖం పట్టినప్పుడు వేస్తే జరిగేది దీనికి తలకిందులు. చెక్క చల్లబడుతూ, లోపలి గాలి కుంచించుకుపోతూ ఎపాక్సీని తనలోకి లాక్కుంటుంది. ఖర్చు లేకుండా, శ్రమ లేకుండా, గడియారం చూసుకోవడంతోనే దక్కే లాభం ఇది. మొదటి పూతకు ఈ నియమం తప్పనిసరి. తర్వాతి పూతలకు అంత పట్టింపు అక్కర్లేదు, చెక్క ముఖం అప్పటికే మూసుకుని ఉంటుంది కాబట్టి.

సాయంత్రం వేసిన పూతను రాత్రి ఆకాశం కింద వదలకూడదు. తెరిపిన ఉన్న పలక చుట్టూ ఉన్న గాలి కంటే చల్లబడి మంచు పట్టుకుంటుంది. ఎపాక్సీ గట్టిపడే దశలో గాలిలోని తేమ, బొగ్గుపులుసు వాయువు హార్డెనర్‌తో కలిసి పైన మైనం లాంటి జిడ్డు పొరను ఏర్పరుస్తాయి. దాని మీద రంగు నిలవదు. దీన్ని ఎమెరీ కాగితంతో రుద్ది తీసేయాలనుకుంటే కాగితం మూసుకుపోతుంది, జిడ్డు మరింత లోపలికి పూసుకుంటుంది. థిన్నర్‌తో తుడిచినా సరిగా పోదు. కానీ ఆ పొర నీటిలో కరుగుతుంది. గిన్నెలు తోమే ఆకుపచ్చ స్క్రబ్బర్, బకెట్టు మంచినీళ్లు, పొడి గుడ్డ ఉంటే చాలు. ముందు కడగాలి, ఆరనివ్వాలి, ఆ తర్వాతే కాగితం పట్టాలి. కడిగిన నీరు పలక మీద చుక్కలుగా విడిపోకుండా పరుచుకున్నట్టు నిలిస్తే జిడ్డు పోయినట్టు.

వానాకాలంలో ఈ పని ఎందుకు వద్దంటారో చిన్న లెక్కతో తెలుస్తుంది. రంగు వేసే పలక ఉష్ణోగ్రత, గాలిలోని తేమ నీరుగా మారే ఉష్ణోగ్రత కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలన్నది రంగుల పరిశ్రమ అంతటా పాటించే నియమం. ఆగస్టులో గాలి 25 డిగ్రీలు, తేమ 85 శాతం ఉన్న రోజున ఆ రెండో అంకె 22 దాటుతుంది. అంటే తేడా 3 డిగ్రీలు కూడా లేదు. రాత్రంతా చల్లబడిన పలక ఉదయం గాలి కంటే ఇంకాస్త చల్లగానే ఉంటుంది. వాన పడకపోయినా, పైకప్పు ఉన్నా, రంగు కింద కంటికి కనబడని తేమ పొర ఉండవచ్చు. అదే జనవరి మధ్యాహ్నం 30 డిగ్రీలు, 50 శాతం తేమ ఉంటే ఆ అంకె 18 దగ్గర ఉంటుంది. పని నిశ్చింతగా సాగుతుంది.

వేసవిలో ఇంకో రకం ఇబ్బంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఎపాక్సీ దాదాపు రెట్టింపు వేగంతో గట్టిపడుతుంది. 25 డిగ్రీల దగ్గర అరగంట పనిచేసే మిశ్రమం 35 దగ్గర పావుగంటకే బిగుసుకుంటుంది. లోతైన గ్లాసులో కలిపితే తన వేడికి తానే ఉడికి పొగలు కక్కుతుంది కూడా. కలిపిన వెంటనే వెడల్పాటి పళ్లెంలో పలచగా పోసుకోవాలి. కొందరు వేగం తగ్గించడానికి హార్డెనర్ తగ్గించి కలుపుతారు. అది పెద్ద తప్పు. ఎపాక్సీలో హార్డెనర్ వేగాన్ని పెంచే మందు మాత్రమే కాదు, మిశ్రమంలో అసలు భాగస్వామి. తక్కువ వేస్తే నిదానంగా గట్టిపడటం కాదు, ఎన్నటికీ పూర్తిగా గట్టిపడకుండా జిగటగా ఉండిపోతుంది. నెమ్మదిగా పనిచేసే హార్డెనర్‌ను విడిగా కొనాలి, వంటింటి డిజిటల్ త్రాసుతో తూచి కలపాలి.

నునుపు, లప్పం, వెలుతురు

గోడలకు, తలుపులకు వాడే లప్పం అలవాటు పడవ దగ్గర మానుకోవాలి. సుద్దపొడి, జిగురు కలిపిన లప్పం తలుపు మీద బాగానే ఉంటుంది, నీటిలో ఉబ్బి పెచ్చులూడుతుంది. కార్ల డెంటింగ్ పనిలో వాడే పాలియెస్టర్ ఫిల్లర్ కూడా తేమను పీల్చే గుణం ఉన్నదే. నీటికి ఆనే చోట దాన్ని దూరం పెట్టాలి. ఎపాక్సీలో సన్నని గాజు బుడగల పొడి కలిపి చేసిన ముద్ద తేలిగ్గా ఉంటుంది, సులువుగా అరుగుతుంది, చెక్కతో విడదీయరానంతగా కలిసిపోతుంది. అడుగున గాజు గుడ్డ (ఫైబర్‌గ్లాస్) పరిచి ఉంటే ఇంకో జాగ్రత్త కావాలి. ఎత్తు ఉన్న చోట అరగదీసే తొందరలో గుడ్డ పోగులు తెగితే ఆ భాగం బలం పోయినట్టే. ఎత్తును కోయడం కంటే పల్లాన్ని నింపడం మంచిది.

చేతి వేళ్లతో కాగితం పట్టుకుని రుద్దితే వేళ్ల ఆకారంలో గుంటలే పడతాయి. రెండడుగుల పొడవు, కాస్త వంగే పలకకు 80 నంబరు కాగితం అంటించి, పడవ పొడవుకు ఏటవాలుగా ఒకసారి ఇటు, ఒకసారి అటు నడిపించాలి. అంతకుముందు నల్లని స్ప్రే రంగును పలచగా చల్లితే ఎత్తుల మీద నలుపు ముందు పోతుంది, పల్లాల్లో మిగులుతుంది. ఆ మిగిలిన మచ్చలే ఎపాక్సీ ముద్ద కోరే చోట్లు. పగటి వెలుతురులో నున్నగా కనిపించిన పక్క రాత్రి టార్చిలైటును పలకకు ఆనించి పక్కవాటుగా వేస్తే అలలు అలలుగా కనిపిస్తుంది. 120, 180, 220 నంబర్లు ఈ దశ పూర్తయ్యాకే. పల్లాలు ఉండగానే నున్నటి కాగితానికి వెళ్లడం శుద్ధ దండగ. తళతళలాడే రంగు ప్రతి లోపాన్నీ చాటి చెబుతుంది కాబట్టి, మొదటి పడవకు సగం మెరుపు రంగు ఎంచుకోవడంలో తప్పేమీ లేదు.

ఎపాక్సీ పొడి చర్మానికి, ఊపిరితిత్తులకు పడదు. ఒకసారి అలర్జీ మొదలైతే జీవితాంతం వదలదు. ఎన్95 మాస్కు, చేతి తొడుగులు పని మొదలుపెట్టిన రోజు నుంచే ఉండాలి. అపార్ట్‌మెంటు సెల్లార్లో ఈ పని పెట్టుకునేవాళ్లు పొరుగువాళ్ల ఊపిరి గురించి కూడా ఆలోచించాలి.

ఏ రంగు?

ఒడ్డున ఉంచే చిన్న పడవకు మామూలు సింథటిక్ ఎనామిల్ సరిపోతుంది. ప్రతి హార్డ్‌వేర్ దుకాణంలో దొరుకుతుంది, గీత పడితే ఎవరైనా సరిచేసుకోవచ్చు. ఎండకు రెండు మూడేళ్లలో మెరుపు పోయి సుద్దలా రాలడం దీని లోపం. రోజుల తరబడి నీటిలోనే ఉంచితే మెత్తబడి బొబ్బలు కడుతుంది. దీన్ని ఎపాక్సీ మీద నేరుగా వేస్తే కొన్నిసార్లు ఆరనే ఆరదు. ఎపాక్సీలో మిగిలిన అమైన్లు (హార్డెనర్‌లోని రసాయనాలు) ఎనామిల్‌ను ఆరబెట్టే పదార్థాలను పనిచేయనివ్వవు. ఎపాక్సీకి వారం రోజులు గడువిచ్చి, కడిగి, గరుకు చేసి, రెండు డబ్బాల్లో వచ్చే, కలిపి వాడే ఎపాక్సీ ప్రైమర్ మధ్యలో వేస్తే ఈ ఇబ్బంది తప్పుతుంది. ముందుగా అరచేతి వెడల్పున ఒక మూల వేసి రెండు రోజులు చూడటం వివేకం.

కార్లకు వేసే రెండు డబ్బాల పాలీయురేథేన్ ఎండకు ఎంతో బాగా ఓర్చుకుంటుంది. దాని హార్డెనర్‌లోని ఐసోసైనేట్లు అనే రసాయనాలు మాత్రం ప్రమాదకరం. స్ప్రే చేసినప్పుడు తుంపరగా ఊపిరితిత్తుల్లోకి వెళ్లి ఉబ్బసం తెప్పిస్తాయి. మొహానికి కట్టిన చేతిరుమాలు దాన్ని ఆపలేదు. బయటి నుంచి గొట్టం ద్వారా మంచి గాలి అందించే మాస్కు లేకుండా దీన్ని స్ప్రే చేయకూడదు, ఇంటి దగ్గర అసలే చేయకూడదు. ఫోమ్ రోలర్‌తో పలచగా పరిచి, వెంటనే మంచి బ్రష్షు మొనతో పైపైన దువ్వితే ఆవిర్లకు పనికొచ్చే మాస్కుతోనే, గాలి ఆడే చోట పని జరిగిపోతుంది, మెరుపులోనూ పెద్దగా తేడా రాదు. ఈ పని ఉదయం మంచు ఆరాక, పదకొండులోపు ముగించాలి. ఎండ ముదిరితే రోలర్ వేసిన చోటు బ్రష్షు చేరేలోపే బిగుసుకుని గీతలు మిగులుతాయి.

ఫర్నిచర్ పాలిష్ చేసేవాళ్లు మెలమైన్ గానీ లక్క పాలిష్ గానీ సూచిస్తే వినయంగా కాదనాలి. లక్క నీరు తగిలి తెల్లబడుతుంది, మెలమైన్ ఎండకు చిట్లుతుంది. చెక్క అందం కనిపించాలనుకుంటే అంచు కర్రలకు, చుక్కానికి మాత్రం ఎండ తట్టుకునే మెరైన్ వార్నిష్ వేసుకుని, పడవ ఒంటికి రంగే వేయాలి. రంగు వేయని ఎపాక్సీ ఎండలోని అతినీల కిరణాలకు పసుపెక్కి, సుద్దలా పొడిబారి నాశనమవుతుంది. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి మండిపోవచ్చు. విప్పి ఆరబెట్టాలి.

రంగు ఛాయ అందం కోసమే అనుకుంటారు. ఇక్కడ అది పడవ బలానికి సంబంధించిన విషయం. గది ఉష్ణోగ్రత దగ్గర గట్టిపడిన మామూలు ఎపాక్సీ 50, 60 డిగ్రీల మధ్య మెత్తబడటం మొదలవుతుంది. మే నెలలో ముదురు నీలం, నలుపు పక్కలు చేయి పెట్టలేనంతగా కాలతాయి. ఆ వేడికి లోపలి గాజు గుడ్డ నేత పైకి తేలి రంగు మీద అచ్చు పడుతుంది, అతుకులు బలహీనమవుతాయి. తెలుపు, లేత బూడిద, మీగడ రంగు ఈ ఊరికి తగినవి. ముదురు రంగు మీద మనసు పడితే అంచున సన్నని పట్టీగా వేసుకోవచ్చు.

నీటి గీతను, అంటే పడవ తేలినప్పుడు నీరు ఎక్కడిదాకా వస్తుందో ఆ గీతను గుర్తించడానికి తాపీ మేస్త్రీల లెవల్ పైపును మించిన పనిముట్టు లేదు. పడవను స్టాండ్ల మీద సమంగా నిలిపి, నమూనా పటంలో చూపిన ఎత్తును ముక్కు దగ్గర ఒక గుర్తుగా పెట్టి, పైపులో నీటిమట్టం ఆ గుర్తుకు ఆనేలా పట్టుకుని, రెండో కొసను పడవ చుట్టూ తిప్పుతూ అడుగుకో చుక్క పెట్టుకుంటూ పోవాలి. వంపు ఎంత తిరిగినా గీత తప్పదు. రంగు వేసేటప్పుడు గీత వెంట అంటించిన టేపును రంగు పూర్తిగా గట్టిపడకముందే లాగేయాలి. ఎండలో వదిలితే దాని జిగురు రంగుకే అంటుకుపోతుంది.

లోపలి గాలి పెట్టెలు

పడవ తిరగబడినా మునగకుండా ఉంచే మూసిన గాలి పెట్టెల సంగతి చాలామంది ఆఖరున తలుచుకుంటారు. పైపలక అంటించాక వాటి లోపలికి బ్రష్షు పోదు. మూయకముందే మూడు పూతలు, మూలల్లో చిక్కటి ఎపాక్సీ వంపులు పూర్తి చేయాలి, పైపలక లోపలి ముఖంతో సహా. ప్రతి పెట్టెకూ తెరిచే మూత పెట్టి, పడవ ఒడ్డున ఉన్నంతసేపూ దాన్ని తీసే ఉంచాలి. పగలు వేడెక్కి, రాత్రి చల్లబడే మూసిన పెట్టెలో లోపలి తేమే నీటిచుక్కలుగా మారి అడుగున చేరుతుంది.

వానాకాలం నాలుగు నెలలూ పడవను బోర్లా వేసి, నేలకు తగలకుండా ఇటుకల మీద, ఆ పైన చెక్క దిమ్మల మీద నిలపాలి. చెదలు నేల నుంచే ఎక్కుతాయి. టార్పాలిన్‌ను పడవకు బిగించి చుట్టకుండా, మధ్యలో గాలి ఆడేలా పందిరిలా కట్టాలి. నవంబరులో తిరగేసినప్పుడు వెనక పలక కింది అంచు, డాగర్‌బోర్డు (పడవ నడుమ నుంచి నీటిలోకి దించే పలక) పెట్టె లోపలి మూలలు, ఒడ్డున ఈడ్చినప్పుడు గీసుకున్న అడుగు, ప్రతి స్క్రూ చుట్టూ గోటితో నొక్కి చూడాలి. రంగు బొబ్బగా లేచినా, వార్నిష్ కింద నల్లటి మచ్చ కనిపించినా పైన పూత వేసి కప్పకూడదు. అక్కడి పూతను చెక్క కనిపించేదాకా గీకి, రెండు మూడు వారాలు నీడలో గాలికి ఆరనిచ్చి, మెత్తబడ్డ చెక్కను ఉలితో తీసేసి, సాయంత్రం వేళ మొదటి ఎపాక్సీ పూత వేయాలి.